మలినిద్ర ఎవరిది?

నిద్రకి చరిత్ర ఉంటుందా? రాజులకీ, యుద్ధాలకీ, భూమిశిస్తుకీ ఉంది. గత నాలుగు దశాబ్దాల్లో పురుడుకీ, వంటింటికీ, రవికెకీ, ఆడవాళ్ళ అక్షరానికీ కూడా చరిత్ర ఉందని స్త్రీవాదులు తవ్వి తీసి చూపించారు. కానీ మనిషి జీవితంలో దాదాపు మూడోవంతుని మింగేసే నిద్ర మాత్రం ఇంకా ప్రకృతి ఖాతాలోనే ఉండిపోయింది. ఆకలి లాగా, దాహం లాగా అది అందరికీ ఒకటే అనుకుంటాం. (ఆకలి మాత్రం అందరికీ ఒకటేనా?) నిద్రని కూడా ఇంట్లో హెచ్చుతగ్గులుగా పంచుకుంటారనీ, ఆ పంపకానికి చరిత్ర ఉందనీ చెప్పడానికి ఈ వ్యాసం. అందుకు నేను పట్టుకున్న కొస కొంచెం విచిత్రమైంది. కలలో ఉండగానే ‘ఇది కల’ అని తెలుసుకోవడం కోసం మనుషులు రాత్రివేళ గంటలు లెక్కపెట్టుకుని లేచే సాధన ఒకటి ఉంది. ఆ సాధన చరిత్రని, నేను పుట్టి పెరిగిన నూజివీడు మామిడితోటల ఆడవాళ్ళ రాత్రుల పక్కన పెట్టి చదవాలని నా ప్రయత్నం.

ముందు ఆ సాధన ఏమిటో చెప్పాలి. కల కంటున్నప్పుడే అది కల అన్న తెలివిడి కలగడాన్ని ఇంగ్లీషులో లూసిడ్ డ్రీమ్ అంటారు. నేనిక్కడ ‘ఎరుక కల’ అంటాను. ఎరుక కలిగాక కొందరు కలని తమకి నచ్చినట్టు నడపగలుగుతారు, కొందరు ఊరికే చూస్తూ ఉంటారు. ఇది అందరికీ తనంత తాను రాదు. రప్పించుకోవడానికి బాగా ప్రచారంలో ఉన్న పద్ధతి ఇది: రాత్రి పడుకున్న ఐదు గంటలకి అలారం పెట్టుకుని లేవాలి. కొద్ది నిమిషాల నుంచి గంట దాకా మేలుకుని ఉండాలి. అంతకుముందు వచ్చిన కలని గుర్తు చేసుకోవాలి, రాసుకుంటే ఇంకా మంచిది. ‘ఈసారి కల వస్తే అది కల అని గుర్తుపడతాను’ అని మనసులో అనుకుంటూ తిరిగి పడుకోవాలి.

ఐదు గంటలే ఎందుకు? 1953లో షికాగో విశ్వవిద్యాలయంలో యూజీన్ ఎసరిన్‌స్కీ, నథానియెల్ క్లైట్‌మన్ నిద్రలో కనుగుడ్లు వేగంగా కదిలే దశలుంటాయని ప్రకటించారు. ఆ దశలో లేపితే ఎక్కువమంది స్పష్టమైన కలలు చెప్పారు. నిద్ర సుమారు తొంభై నిమిషాల విడతలుగా సాగుతుందనీ, రాత్రి మొదటి భాగంలో గాఢనిద్ర ఎక్కువనీ, తెల్లవారుతున్న కొద్దీ కలల దశ పొడుగవుతుందనీ తర్వాత తేలింది. అంటే పది గంటలకి పడుకున్న మనిషికి కలల పంట ఎక్కువగా మూడు తర్వాతే. ఐదు గంటలు నిద్రపోయి లేచి, కాస్త మెలకువని వెంటపెట్టుకుని, మళ్ళీ ఆ పంటలోకి దిగడమే ఈ పద్ధతి కిటుకు.

మూడింటికి లేవడం! ఈ మాట మొదటిసారి చదివినప్పుడు నాకు నవ్వొచ్చింది. మా వైపు ఆడవాళ్ళకి ఇది ఒకరు నేర్పాలా? మా అమ్మమ్మ తెల్లవారుజామున నాలుగు తర్వాత పక్కమీద ఉన్న రోజులు, జ్వరం రోజులు తీసేస్తే, వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. పద్ధతి నిజమైతే ప్రపంచంలో అందరికంటే ఎక్కువ ఎరుక కలలు కనాల్సింది మా నూజివీడు, ఆగిరిపల్లి, ముసునూరు, చాట్రాయి ఆడవాళ్ళు. మరి ఆ సంగతి ఎక్కడా వినపడదేం? ఎందుకంటే ఈ సాధనలో రెండు భాగాలున్నాయి. లేవడం ఒకటి, తిరిగి పడుకోవడం రెండోది. మొదటిది ఆడవాళ్ళకి ఎప్పుడూ పుష్కలంగానే దక్కింది. రెండోదే దక్కలేదు. ఆ రెండో నిద్రని నేను మలినిద్ర అంటున్నాను. అది ఎవరికి దక్కింది, ఎవరి మెలకువ మీద దక్కింది అన్నదే నా ప్రశ్న.

*

ఎరుక కలల ఆధునిక చరిత్ర రాసేవాళ్ళు తరచుగా ఒక ఫ్రెంచి జమీందారు దగ్గర మొదలుపెడతారు. ఆయన హెర్వే ద సాన్-డెనీ, చైనా సాహిత్య పండితుడు. పదమూడో ఏట నుంచి కలల డైరీ రాసుకున్నాడు. కలల గురించీ, వాటిని నడిపే మార్గాల గురించీ 1867లో తన పేరు వేసుకోకుండా ఒక పుస్తకం ప్రచురించాడు. అందులో ఒక ప్రయోగం చాలా ప్రసిద్ధం. ఒక ప్రాంతానికి వెళ్ళి అక్కడున్నన్నాళ్ళూ ఒకే అత్తరు వాడాడు. ఇంటికి తిరిగొచ్చాక, తను నిద్రలో ఉండగా ఆ అత్తరు చుక్కలు దిండు మీద వేయమనీ, ఏ రాత్రి వేసేదీ తనకి ముందుగా చెప్పొద్దనీ పనివాడికి పురమాయించాడు. అత్తరు వేసిన రాత్రి ఆ ప్రాంతం కలలోకి వచ్చింది.

ఈ కథ చెప్పేవాళ్ళకి అత్తరు కనిపిస్తుంది. నాకు పనివాడు కనిపిస్తాడు. యజమాని నిద్రపోయాడని రూఢి చేసుకుని, అడుగుల చప్పుడు కాకుండా గదిలోకి వచ్చి, చుక్కలు వేసి వెళ్ళిన ఆ మనిషి ఆ రాత్రి ఎప్పుడు పడుకున్నాడు? తెల్లారి ఎన్నింటికి లేచాడు? ఒకరు కలగనడానికి ఇంకొకరు మేలుకోవడం అనే ఏర్పాటు ఈ శాస్త్రం పుట్టుకలోనే ఉంది.

‘లూసిడ్ డ్రీమ్’ అన్న మాటని ప్రచారంలోకి తెచ్చింది డచ్ రచయిత, మనోవైద్యుడు ఫ్రెడరిక్ వాన్ ఈడెన్. 1898కీ 1912కీ మధ్య తనకి ఇలాంటి కలలు 352 వచ్చాయని 1913లో ప్రచురించిన వ్యాసంలో రాశాడు. అవి వచ్చిన వేళ కూడా చెప్పాడు. ఉదయం ఐదుకీ ఎనిమిదికీ మధ్య. ఆ మూడు గంటల్ని ఒక తెలుగింటి మీద పరిచి చూడండి. వాకిలి ఊడ్చి కళ్ళాపి చల్లడం, ముగ్గు, పాలు పితకడం, పొయ్యి, కాఫీలు, పిల్లల జడలు, కేరేజీలు. ఆయనకి 352 కలలు పండిన ఆ వేళలో మన ఇళ్ళల్లో ఆడవాళ్ళెవరైనా పక్క మీద ఉంటే ఇంటికి దరిద్రం అన్నారు.

ఈ చరిత్రలో ఆడవాళ్ళు లేరని కాదు. మేరీ ఆర్నాల్డ్-ఫార్‌స్టర్ అనే ఇంగ్లీషు ఆమె 1921లో కలల మీద ఒక పుస్తకం రాసింది. భయపెట్టే కల వచ్చినప్పుడు అది కలేనని తనకి తాను చెప్పుకోవడం ఎలా అభ్యాసం చేసిందో, కలలో ఎగరడం ఎలా నేర్చుకుందో వివరించింది. కలలో గాలిలో తేలుతున్నప్పుడు తన పాదాలు నేలని తాకడం లేదని నలుగురూ గమనించకుండా, పాదాల కిందికి జీరాడే గౌను వేసుకునేదట! ఎగిరే స్వేచ్ఛ వచ్చింది కానీ ఎవరైనా చూస్తారేమోనన్న బెరుకు కలలోకి కూడా వెంట వచ్చింది. ఇది చదివినప్పుడు నాకు ఆమె మన మేనత్తో, పిన్నో అనిపించింది.

తర్వాత బ్రిటన్‌లో సీలియా గ్రీన్ 1968లో, అమెరికాలో పాట్రీషియా గార్‌ఫీల్డ్ 1974లో పుస్తకాలు తెచ్చారు. 1975లో ఇంగ్లండ్‌లోని హల్ విశ్వవిద్యాలయంలో కీత్ హెర్న్ ప్రయోగశాలలో నిద్రిస్తున్న ఎలన్ వోర్స్‌లీ, ముందుగా అనుకున్న ప్రకారం కళ్ళు కదిపి, కల లోపలి నుంచి బయటికి సైగ పంపాడు. అమెరికాలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో స్టీఫెన్ లబెర్జ్ స్వతంత్రంగా అదే నిరూపించి 1981లో ప్రచురించాడు. తెల్లవారుజామున లేచి కొంతసేపు మేలుకుని మళ్ళీ పడుకుంటే ఎరుక కలలు పెరుగుతాయని లబెర్జ్, లిన్ లెవిటన్ తదితరులు 1994లో చూపించారు. అప్పటి నుంచీ అలారం గడియారం కలల సాధనం అయింది.

*

మన దగ్గర కలల శాస్త్రం లేదా అంటే, కావలసినంత ఉంది. రాత్రి మొదటి జాములో వచ్చిన కల ఏడాదికి ఫలిస్తుందనీ, రెండో జాము కల ఆరు నెలలకీ, మూడో జాము కల మూడు నెలలకీ, నాలుగో జాము కల పదిహేను రోజులకీ ఫలిస్తాయనీ, అరుణోదయ వేళ వచ్చినదైతే పది రోజుల్లోనే నిజమవుతుందనీ అగ్నిపురాణం చెబుతుంది. తెల్లవారుజామున కన్న కల నిజమవుతుందని మన ఇళ్ళల్లో చెప్పుకునే మాట ఈ లెక్కకి దగ్గరదే. దీనికి జంటగా ఇంకో నియమం ఉంది. మంచి కల వస్తే మళ్ళీ నిద్రపోకూడదు, ఫలితం పోతుంది.

ఈ నియమాన్ని లబెర్జ్ పద్ధతి పక్కన పెట్టి చూడండి. అక్కడ మంచి కల నుంచి లేచిన మనిషి మళ్ళీ పడుకుని అందులోకి వెళ్ళాలి. ఇక్కడ మంచి కల వచ్చిన మనిషి పక్క మీంచి లేవాలి. మా అమ్మమ్మకి మంచి కల వస్తే మామూలు కంటే ముందే లేచి స్నానం చేసేది. అంటే ఆ రోజు ఇంటిపని ఇంకో గంట ముందే మొదలయ్యేదన్నమాట. కల ఆమె ఉండదగ్గ చోటు కాదు, ఇంటికి వచ్చిన ఉత్తరం. అందులో భర్తకి లాభమో, కొడుక్కి ఉద్యోగమో, కూతురికి కడుపో రాసి ఉండాలి. దాన్ని చదివి అందించడం వరకే ఆమె పని.

అయితే మన సంప్రదాయంలో ఇంకో పాయ కూడా ఉంది. టిబెట్ బౌద్ధంలో కలలో ఎరుకని నిలుపుకునే స్వప్నయోగం ఒక సాధన. అక్కడి షాంగ్‌పా సంప్రదాయం తన ఆరు యోగాలని నిగుమ అనే యోగిని పేరుతో చెప్పుకుంటుంది. ఆమెది పదకొండో శతాబ్దం నాటి కాశ్మీరం అంటారు. నరోపా పేరు తెలిసినంతగా నిగుమ పేరు మనలో ఎంతమందికి తెలుసు? ఇక రామాయణంలో అశోకవనంలో సీత చుట్టూ రాత్రంతా కాపలా ఉన్నది ఆడవాళ్ళే. వాళ్ళ మధ్య నిద్రపోయి లేచిన త్రిజట, రావణుడి పతనాన్ని కలగన్నానని చెప్పి తోటి కాపలాదారుల చేతులు కట్టేసింది. మా కృష్ణాతీరపు కూచిపూడి మేళాలు ఆడిన ఉషాపరిణయంలో ఉష కలలో చూసిన పురుషుణ్ణి చెలికత్తె చిత్రలేఖ బొమ్మ గీసి పట్టిచ్చింది. కలని పారేయకుండా దాని మీద నిలబడ్డ ఆడవాళ్ళు మన కథల్లో లేకపోలేదు.

కథల నుంచి చరిత్రలోకి వస్తే, నాకు అన్నిటికన్నా దగ్గరగా తోచిన ఉదాహరణ పందొమ్మిదో శతాబ్దపు బెంగాల్ గృహిణి రాస్‌సుందరీ దేవి. పన్నెండుమంది పిల్లల తల్లి. ఆడది చదివితే వైధవ్యం వస్తుందని భయపెట్టే కాలంలో దొంగచాటుగా చదువు నేర్చుకుని, బెంగాలీలో తొలి ఆత్మకథగా చెప్పే ‘ఆమార్ జీబన్’ రాసింది. సూసీ తారు, కె. లలిత సంపాదకత్వంలో 1991లో వచ్చిన ‘విమెన్ రైటింగ్ ఇన్ ఇండియా’ తొలి సంపుటం ద్వారా ఆమె మనలో చాలామందికి పరిచయం. ఒక రాత్రి తను చైతన్య భాగవతం చదువుతున్నట్టు ఆమె కలగన్నది. మెలకువ రాగానే మళ్ళీ కళ్ళు మూసుకుని ఆ కలని తిరిగి చూసుకుంది. ఆ తర్వాతే నిజంగా చదవడానికి పూనుకుంది. ఆమె చేసినదాన్ని పరిశోధకులు ఇప్పుడు పద్ధతి అంటున్నారు. మెలకువ, గుర్తుచేసుకోవడం, మళ్ళీ కళ్ళు మూసుకోవడం. పగలంతా, రాత్రంతా పనే అని చెప్పుకున్న ఆ మనిషికి ఆ కాసేపు కళ్ళు మూసుకునే వ్యవధి దొరకకపోయి ఉంటే ఆ పుస్తకం మనకి ఉండేదా?

*

ఇప్పుడు మా ఊళ్ళకి వస్తాను. 2022 ఏప్రిల్ దాకా మాది కృష్ణా జిల్లా, ఇప్పుడు ఏలూరు జిల్లా. బంగినపల్లి, చిన్నరసాలు, పెద్దరసాలు, కలెక్టరుకాయ పండే మెట్టప్రాంతం. ఇక్కడి ఆడవాళ్ళ రాత్రులకి కూడా పంటల క్యాలెండరు లాంటిదొకటి ఉంది. డిసెంబరు మధ్యలో ధనుర్మాసం మొదలవుతుంది. చెట్లు పూతకి వచ్చే రోజులు. వేగుచుక్క ఉండగానే లేచి ముగ్గులు వేయాలి, గుడికి వెళ్ళాలి. దేవుడికి మేలుకొలుపులు పాడేదీ ఆడవాళ్ళే. దేవుణ్ణి లేపేవాళ్ళని ఎవరు లేపేవారు? ఎవరూ అక్కర్లేదు. ఒళ్ళే లేపేది.

ఏప్రిల్, మే నెలల్లో కోతలు. ఎండ ముదరకముందే చిక్కం కర్రలు తోటలోకి వెళ్ళాలి కాబట్టి కోసేవాళ్ళకి చద్దో, టీయో అంతకు ముందే తయారవాలి. కాయ ఏరి, సొన ఒంటికి తగలకుండా సర్ది, గడ్డి పరిచి పేర్చే కూలీల్లో ఆడవాళ్ళే ఎక్కువ. వాళ్ళు తమ ఇంట్లో వంట చేసుకుని రావాలంటే మూడింటికే లేవాలి. ఏరిన సరుకు నున్న మార్కెట్టుకి వెళ్ళేది లారీ వేళని బట్టి. గాలివాన వచ్చిన రాత్రయితే నిద్రే లేదు. రాలిన కాయ నేల మీద నలగకముందే టార్చిలైట్లతో ఏరుకోవాలి, పచ్చికాయ ఒరుగులకో పచ్చడికో పోవాలి.

వ్యవసాయానికి 2004లో ఉచిత కరెంటు వచ్చింది. కానీ అది వచ్చే వేళ రైతు చేతిలో లేదు. చాలా ఏళ్ళు వంతులవారీగా, రాత్రిపూట కూడా వచ్చేది. నడిరాత్రి మోటారు వేయడానికి వెళ్ళిన మగవాళ్ళు పాముకాటుకో, షాకుకో బలైతే అది వార్త అయింది, కావలసిందే. మనిషిని లేపి, టార్చి చేతికిచ్చి, అతను తిరిగి వచ్చి చెప్పులు విడిచిన చప్పుడు వినేదాకా చీకట్లో కూర్చున్న ఆడమనిషి మెలకువ ఏ లెక్కలోకీ రాలేదు. ఇక అలారం టైంపీసు మా ఇంట్లోకి వచ్చింది మా అన్నయ్య ఇంటర్మీడియట్ చదువుతో పాటు. అది మోగేది అన్నయ్య తలాపున. లేచేది అమ్మ. వాణ్ణి లేపి, టీ ఇచ్చి, వాడు మళ్ళీ కునుకు తీయకుండా ఎదురుగా కూర్చునేది. ఆ గడియారంతో ఆమె తన కోసం ఒక్క గంట కూడా పెట్టుకోలేదు.

ఇక్కడ ‘ఆడవాళ్ళు’ అని ఒకే మాటతో సరిపెట్టడం కుదరదు. మాకు తోట ఉండేది. తోటలో గుడిసె వేసుకుని కాపలా ఉండే కుటుంబం వేరు. కాయ పిందె కట్టినప్పటి నుంచి కోత అయ్యేదాకా భార్యాభర్తలిద్దరూ, ఎక్కువసార్లు భార్యే, చెట్ల కింద రాత్రిళ్ళు గడిపేవారు. మా అమ్మమ్మ నిద్ర నాలుగింటి దాకా సాగిందంటే తోటలో ఇంకో ఆడమనిషి మేలుకుని ఉండబట్టే. ఫ్రెంచి జమీందారు గదిలోకి వచ్చిన పనివాడు మా ఇంటి కథలో కూడా ఉన్నాడు. ఇక్కడ అతను స్త్రీ, దళిత స్త్రీ. ఇంటి ఆడవాళ్ళ నిద్రని దోచినదానిలో పితృస్వామ్యం పాత్ర ఎంతో, ఈ ఆడమనిషి నిద్రని దోచినదానిలో మా ఇంటి పాత్ర కూడా అంత ఉంది.

అలా ముప్ఫై ఏళ్ళు తోటలు కాసిన ఒకావిడతో కొన్నాళ్ళ క్రితం కూర్చుని మాట్లాడాను. రాత్రిళ్ళు నిద్ర ఎలా ఉండేదని అడిగాను.

“నిద్రేందండీ, కోడికునుకు. కాయ పడ్డ చప్పుడుకి లేత్తాను. రాలిందో, ఎవురన్నా కోశారో చప్పుణ్ణి బట్టే తెలుసుద్ది.”

“కలలొచ్చేవా?”

“వచ్చేయి. కల్లో గూడా కాపలాయే.”

“అది కల అని కల్లోనే తెలిసేదా ఎప్పుడన్నా?”

ఆవిడ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. “తెలవకేం. కల్లో మా కుక్క మొరగదు. మడిసొచ్చినా కుక్క మొరగట్లేదంటే అది కలేనని తెలిసిపోద్ది.”

“తెలిశాక ఏం చేసేదానివి?”

“లేచేదాన్ని. తెలిసినాక లేవాలి గదండీ, తోటెవురు చూత్తారు?”

కలలో ఉన్నానని పట్టివ్వగల ఇలాంటి ఆనవాళ్ళని వెతుక్కోమని ఎరుక కలల పుస్తకాలు పేజీలకి పేజీలు బోధిస్తాయి. ఆవిడకి అది కుక్క నేర్పింది. ఎరుక దాకా ఆవిడ ఎవరి సాయం లేకుండా వచ్చింది. అక్కడి నుంచి ముందుకి వెళ్ళే వీలే లేదు. ఎరుక రాగానే డ్యూటీ గుర్తొచ్చి లేచి కూర్చుంది. మా ప్రాంతంలో ఎరుక కలలు లేవనుకున్న నా ప్రశ్న అక్కడ మారిపోయింది. ఎరుక ఉంది, దానిలో కాసేపు ఉండడానికి సెలవు లేదు.

*

చరిత్రకారిణిగా నన్ను ఇబ్బంది పెట్టేది ఆధారాల సంగతి. అమెరికన్ చరిత్రకారుడు రోజర్ ఎకిర్క్ 2001లో ఒక వ్యాసంలో, 2005లో ఒక పుస్తకంలో, పారిశ్రామిక విప్లవానికి ముందు ఐరోపా జనం రాత్రిని రెండు నిద్రలుగా పడుకునేవారని వాదించాడు. మధ్యలో గంటో, ఇంకాస్త ఎక్కువో మేలుకుని ప్రార్థనలు చేసుకునేవారు, మాట్లాడుకునేవారు, అప్పుడే వచ్చిన కలని నెమరేసుకునేవారు. కోర్టు వాంగ్మూలాలు, డైరీలు, వైద్యగ్రంథాలు ఆయనకి ఆధారాలు. ఇది మనుషులందరికీ సహజమా అన్నది తేలలేదు. ఆఫ్రికాలోని హడ్జా, సాన్, దక్షిణ అమెరికాలోని చిమానే ప్రజల మీద 2015లో వచ్చిన అధ్యయనంలో అలాంటి నడిరాత్రి మెలకువ మామూలు అలవాటుగా కనిపించలేదు. ఆ చర్చ అలా ఉంచి, మన ఆడవాళ్ళ రాత్రులకి కోర్టు వాంగ్మూలాలేవి, డైరీలేవి?

ప్రభుత్వ లెక్కలు చూద్దామంటే, మొత్తం దేశానికి తొలి కాలవినియోగ సర్వే జరిగిందే 2019లో. జీతం లేని ఇంటిపని చేసే స్త్రీలు దానికి రోజుకి సగటున 299 నిమిషాలు, పురుషులు 97 నిమిషాలు వెచ్చిస్తున్నారని అది చెప్పింది. 2024 సర్వేలో ఆ అంకెలు 289, 88. చాలా విలువైన లెక్కలివి. కానీ ఆ సర్వే రోజుని ఉదయం నాలుగు నుంచి మర్నాడు నాలుగు దాకా అరగంట గడులుగా విడగొడుతుంది. ఒక గడిలో రెండు మూడు పనులుంటే పది నిమిషాలకి తగ్గినవాటికి చోటు లేదు. పిల్లాడు దగ్గితే లేచి దుప్పటి కప్పడం, ముసలాయనకి మంచినీళ్ళివ్వడం, కుళాయి చప్పుడుకి లేచి బిందె పెట్టడం, ఇవన్నీ ఐదేసి నిమిషాల పనులు. ఆ గడి నిండా ‘నిద్ర’ అనే రాసి ఉంటుంది. ముక్కలైన నిద్ర కూడా లెక్కలో అఖండంగానే కనిపిస్తుంది.

ఆ ముక్కల విలువ ఎంతో నాకు ఒక ప్రయోగం వల్ల అర్థమైంది. ఆస్ట్రేలియాలో అడిలైడ్ విశ్వవిద్యాలయానికి చెందిన డెన్‌హమ్ ఆస్పీ 2017లో ఎరుక కలల పద్ధతుల్ని పోల్చి చూశాడు. ఐదు గంటల తర్వాత లేవడం, సంకల్పం చెప్పుకోవడం, పగటిపూట ‘ఇది కలా, నిజమా’ అని పరీక్షించుకోవడం, మూడూ కలిపి చేసినవాళ్ళకి వారం రోజుల్లో 17 శాతం రాత్రులు ఫలించాయి. కానీ సంకల్పం చెప్పుకున్న ఐదు నిమిషాల్లోపే నిద్రలోకి జారుకోగలిగిన సందర్భాల్లో ఆ అంకె దాదాపు 46 శాతం. అంటే లేవడం కాదు కీలకం. లేచాక నిశ్చింతగా, త్వరగా నిద్రపట్టడం. అది మనసుకి సంబంధించిన విషయమని అనుకుంటాం. ఇంట్లో ఇంకెవరో మేలుకుని ఉన్నారన్న భరోసాకి కూడా సంబంధించిన విషయం.

ఉద్యోగ విరమణ అయ్యి, పిల్లలు వాళ్ళ ఊళ్ళల్లో స్థిరపడ్డాక నేను కూడా ఈ సాధన చేసి చూశాను. పదింటికి పడుకుని మూడింటికి అలారం. మొదటి వారం కలల సంగతి దేవుడెరుగు, నా ఒంటి సంగతి తెలిసింది. అలారం మోగగానే కాళ్ళు వాటంతటవే వంటింటి వైపు నడిచేవి. నోట్‌బుక్ పట్టుకుని కూర్చుంటే చెవులు కుళాయి కోసం, పాలవాడి కోసం వినేవి. తిరిగి పడుకుంటే, తెల్లవారుజామున పడుకోవడం అనే పని ఎప్పుడూ చేయని వెన్నెముక ఒప్పుకునేది కాదు. లేవడం అంటే పని అని నలభై ఏళ్ళు నేర్చుకున్న శరీరానికి, లేవడం అంటే ఇంకోసారి పడుకోవడం అని నేర్పడానికి పద్దెనిమిది రాత్రులు పట్టింది.

పంతొమ్మిదో రాత్రి కలలో అమ్మమ్మ గారింటి పెరడు. చిన్నరసం చెట్టు. ఒకే రెమ్మకి పూతా, పండిన కాయా ఉన్నాయి. పునాస చెట్టుకైతే వింత కాదు, కానీ ఇది పునాస చెట్టు కాదే అనుకున్నాను. అప్పుడు తెలిసింది. నేను ఎగరలేదు. వాకిలి ఊడ్చి లేదు, ఆకులు రాలి ఉన్నాయి. చీపురు గోడకి ఆనించి ఉంది. నేను దాన్ని తీసుకోలేదు. చెట్టు కింద ఆకుల మీద కూర్చున్నాను. ఎంతసేపో చెప్పలేను, ఎక్కువసేపు మాత్రం కాదు. అంతే నా ఘనకార్యం.

*

ఇదంతా తీరిక ఉన్నవాళ్ళ వ్యవహారం అని ఎవరైనా అంటే కాదనను. అసలు నా వాదనే అది. ఇంకో హెచ్చరిక కూడా అవసరం. నిద్ర చాలనివాళ్ళు, నెలల పిల్లల తల్లులు, మానసిక అనారోగ్యానికి మందులు వాడుతున్నవాళ్ళు ఈ సాధన జోలికి వెళ్ళకపోవడమే మంచిది. ముక్కలైన నిద్రని ఇంకా ముక్కలు చేసుకుని విముక్తి అనుకోనక్కర్లేదు. కలలో చీపురు ముట్టుకోకపోతే తెల్లారి చీపురు మాయమైపోదు.

అయినా కలని మనం తేలిగ్గా వదిలేయలేం. రొకెయా సఖావత్ హుస్సేన్ ‘సుల్తానాస్ డ్రీమ్’ 1905లో అచ్చయింది మద్రాసులో, తెలుగు క్రైస్తవ కుటుంబంలో పుట్టిన కమలా సత్తియనాథన్ నడిపిన ‘ఇండియన్ లేడీస్ మ్యాగజైన్’లో. ఆడవాళ్ళు రాజ్యమేలే, మగవాళ్ళు ఇంటిపట్టున ఉండే దేశాన్ని చూసొచ్చిన ఆ కథకురాలు, తను కునికిందో లేదో తెలియదనీ, మేలుకుని ఉన్నట్టే గుర్తనీ మొదట్లోనే అంటుంది. పడక్కుర్చీలో ఒక సాయంత్రం. ఎవరూ పిలవని కొద్దిసేపు. దక్షిణాసియా స్త్రీవాద ఊహల్లో అంత దూరం వెళ్ళిన కథ ఒకటి, నిద్రకీ మెలకువకీ మధ్య ఉన్న ఆ ఖాళీలోంచి వచ్చింది.

రాత్రి మీద హక్కు అంటే మనం ఇప్పటిదాకా వీధిని అడిగాం. చీకటి పడ్డాక బయట తిరిగే హక్కు, రాత్రి షిఫ్టులో క్షేమంగా పనిచేసే హక్కు. అది ఇంకా పూర్తిగా రాలేదు, అడుగుతూనే ఉండాలి. దాంతోపాటు ఇంటి లోపలి రాత్రిని కూడా అడగాలని నా ఉద్దేశం. ఇంట్లో రాత్రి మెలకువలు ఎవరి వంతు, ఎవరు ఎవరిని లేపుతారు, లేచినవాళ్ళు మళ్ళీ ఎప్పుడు పడుకుంటారు అన్నది కూడా శ్రమ విభజనే.

స్త్రీ శక్తి సంఘటన 1986లో ‘మనకు తెలియని మన చరిత్ర’ తెచ్చినప్పుడు, ఆడవాళ్ళని అడిగి వినడమే చరిత్ర రచన అని నా తరానికి తెలిసింది. ఆ పద్ధతిలో ఇప్పుడు మౌఖిక చరిత్రలు సేకరిస్తున్న విద్యార్థినులకి నాదొక మనవి. పెళ్ళెప్పుడయింది, ఎంత చదివారు, ఏ ఉద్యమంలో ఉన్నారు అని అడిగే ప్రశ్నల పట్టికలో ఇంకో మూడు చేర్చండి. రాత్రి ఎన్నిసార్లు లేచేవారు? ఎవరి కోసం? మళ్ళీ నిద్రపట్టడానికి ఎంతసేపు పట్టేది? నేను అడిగిన పదకొండుమందిలో తొమ్మిదిమంది మొదటి రెండింటికీ తడుముకోకుండా జవాబు చెప్పారు. మూడో ప్రశ్నకి చాలామంది నా వైపు వింతగా చూశారు. “మళ్ళీ పడుకోవడమేందండీ?” అన్నారు.